మాడ్రిన్ వీధి, తొమ్మిదో నంబరు

పోయిన వీధి కథ చెప్పాలంటే దాన్ని కట్టినవాళ్ళతో మొదలుపెట్టడం న్యాయం. పందొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్ రేవు చుట్టూ పని దొరుకుతుందని పక్కనున్న వేల్స్ నుంచి వేలమంది వచ్చి చేరారు. వాళ్ళలో తాపీ మేస్త్రీలు, వడ్రంగులు చాలామంది. నగరం పెరిగేకొద్దీ అందులో ఇళ్ళు కట్టింది ఎక్కువగా వాళ్ళే. దక్షిణాన టాక్స్‌టెత్‌లో, ప్రిన్సెస్ పార్కు పక్కన 1870ల్లో లేచిన కొన్ని వీధులకు నక్షా గీసినవాడు రిచర్డ్ ఓవెన్స్ అనే వేల్స్ వాస్తుశిల్పి. ఇటుక గోడలు, పైన వేల్స్ కొండల్లో తవ్వి తెచ్చిన నల్ల పలకరాయి, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, తలుపు తీస్తే నేరుగా వీధి. ఊరు విడిచి వచ్చినవాళ్ళు ఊళ్ళ పేర్లు మాత్రం విడవలేదు. వోయలస్, రివ్లాస్, పొవిస్, పెంగ్వెర్న్, కిన్మెల్, మాడ్రిన్. అన్నీ వేల్స్ పేర్లే. అందుకే లివర్‌పూల్ జనం వాటన్నిటినీ కలిపి వెల్ష్ స్ట్రీట్స్ అన్నారు.

ఆ మాడ్రిన్ వీధిలో తొమ్మిదో నంబరు ఇంట్లో 1940 జూలై 7న రిచర్డ్ స్టార్కీ, అంటే తర్వాతి రింగో స్టార్, పుట్టాడు. తల్లి ఎల్సీ, తండ్రి పేరు కూడా రిచర్డే. ఇద్దరూ బేకరీలో పనిచేసేచోట కలుసుకున్నవాళ్ళు. పిల్లవాడు పుట్టిన కొన్ని వారాలకే జర్మన్ విమానాలు లివర్‌పూల్ మీద బాంబులు వేయడం మొదలుపెట్టాయి. సైరన్ మోగగానే ఇంటిల్లిపాదీ మెట్ల కింద బొగ్గు పోసుకునే అరలోకి దూరేవారు. ఒక రాత్రి చీకట్లో కంగారుగా బిడ్డను భుజాన వేసుకున్న ఎల్సీ, వాడెందుకు గుక్కపట్టి ఏడుస్తున్నాడో తెలియక తికమకపడిందట. తలకిందులుగా ఎత్తుకున్నానని తర్వాత గానీ గ్రహించలేదు. ఆ కుటుంబం నవ్వుకుంటూ చెప్పుకున్న కథ ఇది. 1941 మే నెల మొదటి వారంలో లివర్‌పూల్ రేవు దాదాపు అగ్నిగుండమైంది. చుట్టుపక్కల వీధులు నేలమట్టమయ్యాయి. మాడ్రిన్ వీధి నిలబడింది.

అదే వీధిలో యాభై తొమ్మిదో నంబరు తాతా నాయనమ్మలది. మనవడు ఎడమచేతివాటం వాడు. నాయనమ్మ ఆనీకి అది బొత్తిగా గిట్టలేదు. మన ఇళ్ళల్లో ముసలివాళ్ళకు ఎడమచేయంటే ఉండే పట్టింపు తెలిసిందే. ఆవిడదీ అదే పట్టుదల, కాకపోతే కారణం వేరు. ఎడమచేతివాటంలో ఏదో మంత్రగత్తె లక్షణం ఉందని ఆవిడ నమ్మకం. పట్టుబట్టి పిల్లవాడికి కుడిచేత్తో రాయడం అలవాటు చేసింది. రాత మారింది గానీ చేయి మారలేదు. పెద్దయ్యాక అతను కుడిచేతివాళ్ళకు అమర్చిన డ్రమ్ముల ముందు కూర్చుని దరువు ఎడమచేత్తో మొదలుపెట్టేవాడు. పాటలో ఒక వరస ముగిసి ఇంకో వరస మొదలయ్యేచోట వచ్చే ఆ చిన్న దరువు, మరెవరూ సరిగ్గా అలా కొట్టలేని ఆ తడబాటులాంటి సొగసు, అక్కడినుంచి వచ్చిందని అతనే ఎన్నోసార్లు చెప్పాడు. లోకమంతా రింగో స్టార్ బాణీ అనుకున్నది సగం నాయనమ్మ చలవ. ఆ వీధి అతనికి ఏమిచ్చిందని అడిగినవాళ్ళు ఈ ఒక్క సంగతి విన్నా చాలు.

అతనికి మూడేళ్ళు దాటాయో లేదో తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆ మూడు పడకగదుల ఇంటి అద్దె ఒంటరి తల్లి కట్టలేకపోయింది. ఇళ్ళల్లో పాచిపని చేసింది, పబ్బుల్లో మందు పోసింది, అయినా సరిపోలేదు. కూతవేటు దూరంలోని అడ్మిరల్ గ్రోవ్‌లో పదో నంబరుకు మారారు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, మరుగుదొడ్డి పెరట్లో. అద్దె తక్కువ. రింగో బాల్యం మిగతాదంతా ఆ ఇంట్లోనే, లేదా ఆసుపత్రుల్లో. ఏడో ఏట అపెండిక్స్ పగిలి, కడుపంతా చీము పట్టి, స్పృహ లేకుండా రోజులు గడిపాడు. బతకడని డాక్టర్లు చెప్పారు. బతికి, ఏడాదిపాటు ఆసుపత్రిలోనే ఉన్నాడు. పదమూడో ఏట ఊపిరితిత్తుల జబ్బు చేసి హెస్‌వాల్ శానిటోరియంలో దాదాపు రెండేళ్ళు. అక్కడ పిల్లలకు పొద్దుపోవడానికి చిన్న బ్యాండు పెట్టారు. మంచం పక్కనున్న బీరువా మీద దారపు కండెలతో దరువు వేయడం అక్కడ మొదలైంది. చదువు అక్కడే ఆగింది.

అంతలో ఎల్సీ జీవితంలోకి హ్యారీ గ్రేవ్స్ వచ్చాడు. ఇళ్ళకు రంగులు వేసేవాడు, లండన్ వైపు మనిషి, పాటలంటే ప్రాణం. సవతి తండ్రి అనగానే మనకు గుర్తొచ్చే కథల్లోని మనిషి కాదతను. 1957 క్రిస్మస్‌కు రామ్‌ఫర్డ్‌లో ఒక పాత డ్రమ్ సెట్టు కొని, రైల్లో మోసుకుంటూ లివర్‌పూల్ దాకా తెచ్చాడు. అడ్మిరల్ గ్రోవ్‌లో వాయించబోతే గోడ అవతలినుంచి కేకలు. ఒకటే గోడ కదా. తర్వాత కొత్త సెట్టు కొనడానికి 46 పౌండ్లు అప్పిచ్చినవాడు మాడ్రిన్ వీధి తాత. 1962 ఆగస్టులో రింగో బీటిల్స్‌లో చేరాడు. ఆ తర్వాతి కథ చెప్పనక్కర్లేదు. 1965లో ఎల్సీ, హ్యారీ దంపతులు అభిమానుల తాకిడి తట్టుకోలేక నగరం శివార్లలో కొడుకు కొనిచ్చిన ఇంటికి వెళ్ళిపోయారు. 1970లో రింగో సొంతంగా వేసిన మొదటి ఆల్బమ్ అట్ట మీద అడ్మిరల్ గ్రోవ్ మొదట్లోని ఎంప్రెస్ పబ్బు బొమ్మ ఉంటుంది. ఊరికి అతను పెట్టిన దండం అదనుకోవచ్చు.

1968 ఫిబ్రవరిలో బీటిల్స్ నలుగురూ మహర్షి మహేశ్ యోగి దగ్గర ధ్యానం నేర్చుకోవడానికి ఋషికేశ్ వచ్చారు. రింగో సుమారు పదిరోజులే ఉండి మార్చి 1న వెనక్కి వెళ్ళిపోయాడు. మన మసాలాకు భయపడి బీన్స్ డబ్బాలు పెట్టెనిండా తెచ్చుకున్నాడని పత్రికలు ఎగతాళి చేశాయి. చిన్నప్పుడు చచ్చి బతికిన కడుపు అది. ఎగతాళి చేసినవాళ్ళకు ఆ సంగతి తెలియదు. తర్వాతి రోజుల్లో ఆ ఆశ్రమం కూడా పాడుబడి, అడవి కమ్ముకుని, చివరికి 2015లో అటవీ శాఖ టికెట్టు పెట్టి తలుపు తీసేదాకా శిథిలంగానే ఉంది. బీటిల్స్ నడిచిన నేలకు ఈ రాత ఏమిటో!

ఇక వీధి పతనం. ఒక రోజులో జరిగింది కాదు.

1931లో లివర్‌పూల్ జనాభా ఎనిమిదిన్నర లక్షలు దాటింది. 2001కి నాలుగు లక్షల నలభై వేలే. డెబ్భై ఏళ్ళలో దాదాపు సగం నగరం వెళ్ళిపోయింది. కొంతమందిని మురికివాడల నిర్మూలన పేరుతో నగరపాలక సంస్థే కర్‌బీ లాంటి చోట్లకు తరలించింది. మిగతావాళ్ళు పని లేక పోయారు. కంటెయినర్లు వచ్చాక మూటలు మోసే కూలీలతో పనిలేకపోయింది. 1970ల మొదట్లో వాటికోసం కొత్త రేవును ఉత్తరాన సీఫోర్త్‌లో కట్టారు. ఈ వీధులున్న డింగిల్ పేట ముందున్న పాత రేవులు మూతపడ్డాయి. రేవుతో బతికిన వీధులు రేవుతోనే చిక్కిపోయాయి. 1981 జూలైలో టాక్స్‌టెత్ అల్లర్లతో ఆ ప్రాంతానికి చెడ్డపేరు కూడా తోడైంది. అక్కడ ఉంటున్నామంటే ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేరు, అప్పు పుట్టేది కాదు. అయినా వెల్ష్ స్ట్రీట్స్‌లో జనం ఉన్నారు. ముసలివాళ్ళు ఉన్నారు, తరాలుగా అదే వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు ఉన్నారు, అద్దె తక్కువని కొత్తగా చేరినవాళ్ళు ఉన్నారు. గోడలకు చెమ్మ, పైకప్పులకు మరమ్మతు అవసరం. అది ఇల్లు పాతదన్న మాటే తప్ప చచ్చిపోయిందన్న మాట కాదు.

చచ్చిపోయిందని 2002లో లండన్ చెప్పింది. ఉపప్రధాని జాన్ ప్రెస్కాట్ హయాంలో పాత్‌ఫైండర్ అనే పథకం వచ్చింది. ఉత్తర, మధ్య ఇంగ్లండ్‌లో తొమ్మిది ప్రాంతాల్లో ఇళ్ళ మార్కెట్టు విఫలమైందట. ధరలు పడిపోయినచోట పాత వరస ఇళ్ళు కూల్చి, కొత్తవి తక్కువ సంఖ్యలో కడితే ధరలు లేస్తాయట. ఇంత నేరుగా చెప్పుకున్న పథకం మరొకటి కనబడదు. ఇల్లు మనుషులు ఉండటానికి అన్న మాట ఆ కాగితాల్లో రెండో స్థానానికి పోయింది. ధర పెరగడానికి అన్నది మొదటిది. వెల్ష్ స్ట్రీట్స్ కూల్చివేత జాబితాలోకి వెళ్ళాయి. తొమ్మిదో నంబరుతో సహా.

ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఒక కుటుంబం వెళ్ళగానే ఆ ఇంటి తలుపుకూ కిటికీలకూ ఇనప రేకులు బిగించేవారు. పక్కింటివాళ్ళు ఆ రేకుల మధ్య మిగిలేవారు. ఖాళీ ఇంట్లో వాన నీరు దిగితే ఆ ఒకటే గోడ గుండా చెమ్మ పక్కింట్లోకి వచ్చేది. అలా ఉండలేక వాళ్ళూ వెళ్ళేవారు. అప్పుడు ఇంకో తలుపుకు రేకు. బాంబులు ఒక రాత్రిలో చేయలేకపోయిన పని రేకులు కొన్నేళ్ళలో చేశాయి. ఈ మాట అంటే అలంకారం అనుకుంటారేమో, ఆ వీధి ఫొటోలు చూస్తే అనుకోరు. వంద గజాల పొడుగునా ఒక్క కిటికీకి గాజు లేదు.

అక్కడివాళ్ళందరూ కూల్చివేతను వ్యతిరేకించలేదన్న సంగతీ చెప్పాలి. చెమ్మగోడల మధ్య దగ్గుతున్న పిల్లల తల్లికి వారసత్వం గురించి చెబితే కోపం రాకుండా ఎలా ఉంటుంది? కొత్త ఇల్లు ఇస్తామంటే ఆమె సరేనంది. ఆమె తప్పేమీ లేదు. ఇంకొందరు, ఈ వీధినే బాగుచేయండి, మేం ఇక్కడే ఉంటాం అన్నారు. ఒకే వీధిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఏళ్ళతరబడి పలకరింపులు పోయాయి. పథకం రచించినవాళ్ళు మాత్రం ఎక్కడో హాయిగా ఉన్నారు.

ఈ నడుమ తొమ్మిదో నంబరుకు మరో రకం జనం రావడం మొదలైంది. జపాన్ నుంచి, అమెరికా నుంచి, బ్రెజిల్ నుంచి. బీటిల్స్ యాత్ర టాక్సీలు ఆ వీధి మొదట ఆగేవి. అభిమానులు తలుపు మీది రేకు మీద రంగు పెన్నులతో పేర్లు రాసేవారు, రింగోకు ప్రేమ కబుర్లు రాసేవారు. కొందరు గుర్తుగా ఇటుక ముక్కలు పెకలించుకుపోయారు. ఇంటిని కూల్చకుండా, ఇటుక ఇటుకగా విప్పి మ్యూజియంలో మళ్ళీ పేర్చుదామన్న ఆలోచన కూడా నగరంలో కొంతకాలం నడిచింది. వీధి లేకుండా ఒక్క ఇల్లు! పక్కింటి గోడ లేని వరస ఇంటిని ఎలా నిలబెడతారో ఆ ఆలోచన చేసినవాళ్ళకే తెలియాలి.

ఇక్కడ ఒక పోలిక చూడకుండా ముందుకు పోలేం. జాన్ లెనన్ పెరిగిన మెండిప్స్ మధ్యతరగతి ఇల్లు, ముందు తోట ఉంది. పాల్ మెక్‌కార్ట్‌నీ పెరిగిన ఇల్లు నగరపాలక సంస్థ కట్టిన కొత్త కాలనీలోది. ఆ రెండిటినీ నేషనల్ ట్రస్ట్ తీసుకుని, పాత సామాన్లు వెదికి పెట్టి, టికెట్టు మీద చూపిస్తోంది. మెండిప్స్‌ను యోకో ఓనో స్వయంగా కొని ఇచ్చింది. 2012లో ఆ రెండు ఇళ్ళకూ ప్రభుత్వ రక్షణ హోదా వచ్చింది. నలుగురిలోకీ పేదవాడైన డ్రమ్మర్ పుట్టిన ఇంటికి మాత్రం ఆ హోదా ఇవ్వలేదు. అక్కడ అతను ఉన్నది కొద్దికాలమే కదా, ఆ ఇంట్లో బీటిల్స్ సంగీతం పుట్టలేదు కదా అన్నారు. ఎందుకు కొద్దికాలమే ఉన్నాడు? అద్దె కట్టలేక. పేదరికం వల్ల ఇల్లు మారితే ఆ ఇంటి మీద హక్కు కూడా తగ్గుతుందని ఇంగ్లండ్ అధికారులు తేల్చారన్నమాట.

రింగో ఏం చేశాడని అడుగుతారు. ఏమీ చేయలేదు. 2008లో లివర్‌పూల్ యూరప్ సాంస్కృతిక రాజధాని అయినప్పుడు సెయింట్ జార్జెస్ హాల్ కప్పు మీద నిలబడి పాడి ఉత్సవాలు ప్రారంభించాడు. ‘లివర్‌పూల్ 8’ అని ఆ ప్రాంతం పోస్టల్ నంబరు పేరుతోనే ఆల్బమ్ వేశాడు. కొద్దిరోజులకే ఒక టీవీ ముచ్చట్లో, లివర్‌పూల్‌ గురించి దేనికైనా బెంగపడతారా అంటే ఏమీ లేదని నవ్వుతూ అన్నాడు. ఊరు భగ్గుమంది. ఒక రైల్వే స్టేషన్ దగ్గర మొక్కలతో పెంచిన బీటిల్స్ బొమ్మల్లో రింగో బొమ్మ తల ఎవరో నరికేశారు. మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు. అతని మాట నొప్పించేదే. కానీ ఆసుపత్రుల్లో సగం బాల్యం పోగొట్టుకున్నవాడు ఆ ఊరంటే కన్నీళ్ళు పెట్టుకుని తీరాలని నియమమేమీ లేదు. తలలు నరకడానికి తీసుకున్న శ్రమలో పాతికోవంతు రేకులు విప్పడానికి పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

2010 చివర్లో కొత్త ప్రభుత్వం పాత్‌ఫైండర్‌కు డబ్బు ఆపేసింది. 2011 మార్చితో పథకం ముగిసింది. కూల్చడానికీ డబ్బు లేదు, బాగుచేయడానికీ లేదు. ఖాళీ చేయించిన వీధులు ఖాళీగానే నిలిచాయి. అక్కడక్కడా మిగిలిన కొద్ది కుటుంబాలు చీకటి పడితే రేకుల వరసల మధ్య ఒక్కో దీపం పెట్టుకుని బతికాయి. ఆ శూన్యం సినిమావాళ్ళకు మాత్రం పనికొచ్చింది. ఒక ప్రఖ్యాత టీవీ సీరియల్‌లో 1919 నాటి బర్మింగ్‌హామ్ గూండాల వీధిగా పొవిస్ వీధిని చూపించారు. సెట్టు వేసే ఖర్చు వాళ్ళకు చాలా మిగిలింది.

పాత కట్టడాల తరఫున పోరాడే సేవ్ అనే సంస్థ మాడ్రిన్ వీధిలోనే ఇరవై ఒకటో నంబరు కొనేసింది. ఈ ఇళ్ళు ఇంకా ఉండదగ్గవే, కొద్ది ఖర్చుతో బాగుపడతాయి అని వాదించడానికి దానికి ఆ ఇల్లే ఆధారం. 2012 జూన్‌లో గృహనిర్మాణ మంత్రి గ్రాంట్ షాప్స్ వచ్చి తొమ్మిదో నంబరునూ దాని చుట్టుపక్కల మరికొన్ని ఇళ్ళనూ మినహాయిస్తున్నామని ప్రకటించాడు. పత్రికలు రింగో ఇల్లు దక్కిందని శీర్షికలు పెట్టాయి. మిగతా వెల్ష్ స్ట్రీట్స్ కూల్చివేత అలాగే ఉందన్న వాక్యం కింద ఎక్కడో పడింది. 2013లో నగరపాలక సంస్థ కూల్చడానికి అనుమతి ఇచ్చుకుంది. 2014లో బహిరంగ విచారణ జరిగింది. 2015 జనవరిలో మంత్రి ఎరిక్ పికిల్స్ ఆ అనుమతిని కొట్టేశాడు. కూల్చితే నగరపు బీటిల్స్ వారసత్వానికి హాని అన్నది అతను చూపిన కారణాల్లో ఒకటి. ఇన్నాళ్ళకు తొమ్మిదో నంబరు తన చుట్టూ ఉన్న వీధులకు అక్కరకొచ్చింది. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. వీధుల్లో మనుషులు లేరు.

2016లో అడ్మిరల్ గ్రోవ్ పదో నంబరు వేలానికి వచ్చి 70,000 పౌండ్లకు ఒక బీటిల్స్ అభిమానికి పోయింది. 2017లో ప్లేస్‌ఫస్ట్ అనే సంస్థ వోయలస్ వీధిలో పని మొదలుపెట్టింది. కొన్నిచోట్ల రెండేసి ఇళ్ళను కలిపి ఒకటి చేశారు, పెరటి గోడలు తీసి అందరికీ తోటలు పెట్టారు, వెచ్చదనం నిలిచేలా గోడలకు లోపలినుంచి పొర వేశారు. బయట మాత్రం ఓవెన్స్ గీసిన ముఖమే. అద్దెకు పెట్టగానే జనం వరస కట్టారు. ఆ తర్వాత మిగతా వీధులు. మాడ్రిన్ వీధిలో మళ్ళీ దీపాలు వెలిగాయి, పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. 2018లో రింగో సర్ రిచర్డ్ స్టార్కీ అయ్యాడు.

బాగుచేసినవాళ్ళను మెచ్చుకోవాలి. కానీ ఈ కథను సుఖాంతం అని రాయడానికి నాకు చేయి రావడం లేదు. అవే గోడలు, అదే పలకరాయి, అవే పునాదులు. బాగుచేయడానికి పనికిరావని 2002లో ఏ ఇళ్ళనైతే తీసిపారేశారో అవే 2017లో బాగుపడ్డాయి. మధ్యలో పోయిన పదిహేనేళ్ళకు చెమ్మా కారణం కాదు, వయసూ కారణం కాదు, ఒక పథకం. ఆ పథకం పేరున ఇళ్ళు వదిలి వెళ్ళిన కుటుంబాల్లో చాలావరకు తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ తలుపులు తీసేవాళ్ళు వేరేవాళ్ళు. తొమ్మిదో నంబరును కాపాడింది ఒక డ్రమ్మర్ పేరు. యాభై తొమ్మిదో నంబరులో ఉన్నవాళ్ళకూ, ముప్పయ్యో నంబరులో ఉన్నవాళ్ళకూ అలాంటి పేరు లేదు. వాళ్ళ పేర్లు ఏ మంత్రీ తీర్పులో రాయలేదు.